రోలు తుడిచే గుప్పెడు

ప్రత్తిపాడులో ఆ పొద్దున బసవమ్మ మెళ్లో చామంతి దండ పడింది. వేసినవాడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు సుభానీ. వాడి వెనకాల సగం వీధి ఉంది. పళ్లు తోముకుంటున్నవాళ్లు నోట్లో నురగతోనే వచ్చేశారు. గొడ్ల దగ్గర పేడ ఎత్తుతున్న ఆమె మొగుడు పేరయ్య, ఎవరికేమైందోనని చేతులైనా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు.

“ఏంట్రా ఈ గోల?” అంది బసవమ్మ.

“గోల కాదత్తా, గొప్ప! ఆస్ట్రేలియా గవర్నమెంటోళ్లు నీ ఫొటో వాళ్ల వెబ్‌సైట్లో పెట్టారు. చూసుకో!” అని సుభానీ ఫోను ఆమె ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టాడు.

నిజమే. అది ఇడ్లీకారం ప్యాకెట్టు. దాని మీద పట్టుచీర కట్టుకుని, రోలు పక్కన రోకలి పట్టుకుని నవ్వుతున్నది సాక్షాత్తూ బసవమ్మే. పైన ఏదో ప్రభుత్వ ముద్ర, కింద ఇంగ్లీషులో బారెడు రాత. ఆ రాత సుభానీకి రాదు, వీధిలో వాళ్లకీ రాదు. గవర్నమెంటు ముద్ర కింద మనిషి ఫొటో ఉంటే అది సన్మానం కాక మరేమవుతుంది? మనవాళ్ల లెక్క అంతే. ఎవరో అప్పటికే మైసూర్‌పాకు తెచ్చి పంచుతున్నారు.

ఆ ఫొటో సంగతి ముందు చెప్పాలి. పేరయ్య అన్నగారి కొడుకు చైతన్యకృష్ణ హైదరాబాదులో ఉద్యోగం మానేసి ఊరొచ్చి, పిన్ని చేతి పొడులని ప్యాకెట్లలో పెట్టి అమ్ముతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వారు. వాడు నవ్వలేదు. ఊరి చివర షెడ్డు వేశాడు, లైసెన్సు తెచ్చాడు, గుంటూరు నుంచి ఫొటోగ్రాఫరుని పట్టుకొచ్చాడు. ఆ ఫొటోగ్రాఫరు ఎంత బతిమాలినా బసవమ్మ మొహంలో నవ్వు రాలేదు. చివరికి అతని వెనకాల నిలబడిన పేరయ్య, ఊళ్లో ఎవరూ ఎరగనంత పెద్ద ఆవులింత ఆవులించాడు. ఆమె ఫక్కుమంది. ఆ నవ్వే ప్యాకెట్టెక్కింది. ‘బసవమ్మ చేతి కారం’ అని కింద పేరు. ఆ నవ్వు చూసి ఎక్కడెక్కడి తెలుగువాళ్లో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లతో సహా కొనుక్కున్నారు. మిర్చి తెగులొచ్చి పొలం మాడిపోయిన ఏడాది పేరయ్య ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఆ షెడ్డు పుణ్యమే.

ఈ సందడిలోకి హైస్కూలు టీచరు శ్రీదుర్గ వచ్చింది. బడికి పోతూ, ఏమిటని ఆగింది. సుభానీ ఫోను అందించాడు. ఆమె నవ్వుతూ చదవడం మొదలుపెట్టి, నవ్వు ఆపేసి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

“బసవమ్మగారూ, ఆ దండ తీసేయండి,” అంది మెల్లగా.

“అదేంటమ్మా?”

“ఇది సన్మానం కాదండీ. ఈ ప్యాకెట్టు ఎవరూ తినొద్దని రాశారు. షాపుల్లోంచి వెనక్కి తీసేసుకుంటున్నారట. ఇందులో జీడిపప్పు ఉందట, ప్యాకెట్టు మీద ఆ మాట లేదట. తెలుగువాళ్ల పిల్ల, ఎనిమిదేళ్లది, ఇంట్లో దోశతో తిని ఆస్పత్రి పాలైందట. గొంతు మూసుకుపోయిందట.”

మైసూర్‌పాకు నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం ఆపేశారు. ఒక్కొక్కళ్లే చడీచప్పుడు లేకుండా జారుకున్నారు. సుభానీ మాత్రం పోలేదు. తనే ఏదో చేసేసినట్టు తల దించుకుని నిలబడ్డాడు. “పిల్ల బతికిందా?” అని అడిగింది బసవమ్మ. బతికిందని రాశారని టీచరు చెప్పింది. బసవమ్మ దండ తీసి ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేత్తోనే పట్టుకుంది.

అయితే ఆమెకి భయం కన్నా ఒళ్లుమంట ఎక్కువైంది. జీడిపప్పా! తన పొడిలో జీడిపప్పేమిటి? ఎవడో కిట్టనివాడు కలిపి ఉంటాడు, లేకపోతే ఆ దేశంలో షాపువాడే కలిపి ఉంటాడు. ఆ రోజంతా వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ అదే చెప్పింది.

ఆ వారంలోనే గుంటూరు నుంచి ఆహార భద్రతాధికారి కనకలక్ష్మి వచ్చింది. జీపులో హడావుడిగా దిగే ఆఫీసరు కాదు, చెప్పులు గుమ్మం బయట విడిచి షెడ్డులోకి వచ్చి, నెత్తికి టోపీ పెట్టుకుని, చేతులు కడుక్కుని మరీ మాట్లాడింది. చైతన్యకృష్ణ కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

“జీడిపప్పు తిని ఎవరన్నా జబ్బుపడతారా అండీ?” అని ముందే అందుకుంది బసవమ్మ. “మాది వేటపాలెం. మా పుట్టింట్లో జీడిగింజలు కొట్టే పనే. మేం బాలింతలకి పెడతామండీ జీడిపప్పు!”

“నిజమేనమ్మా. కానీ కొందరి ఒంటికి అది పడదు. అలాంటి పిల్లకి ఒక్క రవ్వ చాలు, ఊపిరాడదు. అందుకే వాళ్ల అమ్మానాన్నలు ఏది కొన్నా వెనక రాసింది చదివి గానీ పెట్టరు. మీ ప్యాకెట్టు కూడా చదివారు. అందులో లేదు కాబట్టే పెట్టారు,” అంది కనకలక్ష్మి.

తర్వాత సంగతంతా విడమరిచి చెప్పింది. పిల్ల తల్లిదండ్రులు అక్కడి ఆహార శాఖకి ఫిర్యాదు చేశారు. ఆ శాఖ షాపులో ప్యాకెట్లు కొని పరీక్ష చేయిస్తే జీడిపప్పు తేలింది. వెంటనే అమ్మకం ఆపించి, జనానికి తెలిసేలా ఫొటోతో ప్రకటన వేసి, ఢిల్లీకి రాశారు. ఢిల్లీ వాళ్లు రాష్ట్రానికి పంపారు, రాష్ట్రం వాళ్లు జిల్లాకి పంపారు. సముద్రాల అవతల ఒక పిల్ల తిన్న దోశ కబురు అలా చేతులు మారి ప్రత్తిపాడు దాకా వచ్చింది.

“నేను మిమ్మల్ని పట్టుకుపోవడానికి రాలేదు. ఆ జీడిపప్పు ఎక్కడ కలిసిందో పట్టుకోవడానికొచ్చాను. అది తెలియకపోతే ఇంకే పొడిలో ఉందో కూడా మాకు తెలియదు. ఇడ్లీకారంలో ఏమేం వేస్తారో చెప్పండి.”

బసవమ్మ గడగడా చెప్పింది. ఎండుమిర్చి, పచ్చిశనగపప్పు, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, చింతపండు, వెల్లుల్లి, ఉప్పు. వేయించేది మూకుళ్లలో, మెత్తగా ఆడించేది మరలో. ఆఖర్న వెల్లుల్లి రెబ్బల్ని కొంచెం పొడితో కలిపి రోట్లో దంచి, ఆ ముద్దని మొత్తం పొడిలో కలిపేది తానే. “అంతేనా అమ్మా?” అంది ఆఫీసరమ్మ. “అంతేనండీ, నా బిడ్డల మీద ఒట్టు,” అంది బసవమ్మ. ఆ ఒట్టులో రవ్వంత అబద్ధం లేదు. ఇడ్లీకారం తయారీ ఆపమని చెప్పి, దాని నమూనాలు సీలు వేసుకుని, మళ్లీ వస్తానని కనకలక్ష్మి వెళ్లిపోయింది.

మర్నాడు షెడ్డులో కందిపొడి పని. బసవమ్మ వెల్లుల్లి దంచింది. ముద్ద తీసి బేసిన్లో వేసింది. రోటి గోడలకి వెల్లుల్లీ కారం బంకబంకగా అంటుకుని ఉన్నాయి. ఆమె చెయ్యి, ఎప్పటిలాగే, తలైనా తిప్పకుండా వెనక గూట్లోకి పోయింది. డబ్బా మూత తీసింది. గుప్పెడు తీసి రోట్లో వేసింది. రోకలెత్తింది.

ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఉంది.

రోట్లో ఉన్నది జీడినూక. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచేటప్పుడు విరిగిపోయిన పలుకులు. తమ్ముడి ఇంటి నుంచి ఎవరు వచ్చినా ఒక డబ్బా పంపిస్తాడు. కారం దంచాక గుప్పెడు నూక వేసి రోకలితో చుట్టూ తిప్పితే, అది రోటికి అంటుకున్నదంతా తుడుచుకుని వచ్చేస్తుంది, రోలు అద్దంలా అవుతుంది. ఆ తుడుపుని పారేసే ఆడది వేటపాలెంలో ఉండదు, పొడిలోనే కలిపేస్తుంది. వాళ్లమ్మ అలాగే చేసింది, వాళ్లమ్మమ్మ అలాగే చేసింది. అన్నం తినబోయే ముందు చెయ్యి కడుక్కున్నామని కూర పేరుతో పాటు ఎవరైనా చెబుతారా? ప్యాకెట్టు మీద రాయడానికి చైతన్య ఏమేం వేస్తావని అడిగినప్పుడు వేసేవన్నీ చెప్పింది. ఇది వేసేది కాదు, తుడిచేది. ఆమె మనసులో ఇంతకాలం అది అలాగే ఉంది.

“ఓరి భగవంతుడా,” అంది పైకే. “నేనే. ఆ పిల్లకి పెట్టింది నేనే!”

రోకలి దించి రోలు పక్కనే కూలబడింది. తినొద్దన్నది ఇడ్లీకారం ఒక్కటే. కానీ గుప్పెడు పడింది అన్నిట్లోనూ కదా. కందిపొడి, కరివేపాకు కారం ఆ దేశంలో అల్మారాల్లో అలాగే ఉన్నాయి. ఆ పిల్లలాంటి పిల్లలున్న ఇళ్లలో, వెనక రాత చదువుకుని, ఇందులో జీడిపప్పు లేదులే అని ధీమాగా పెట్టుకున్న ఇళ్లలో, తన నవ్వుతో సహా ఉన్నాయి.

చైతన్యకృష్ణకి చెప్పింది. వాడు రోలు వంక చూసి, గొంతు తగ్గించాడు.

“ఇంకెవరికి చెప్పావు పిన్నీ?”

“నీకే.”

“అయితే ఇక్కడితో ఆపేయ్. ఈ రోజు నుంచి ఆ నూక వేయకు. అయిపోయింది.”

“ముందు పోయినవో?”

“ఆ రెండు పొడుల సంగతి వాళ్లు అడగలేదు. మనం చెబితే అన్నీ వెనక్కొస్తాయి. లైసెన్సు పోతుంది. ఒకసారి పేరు పోతే మన ప్యాకెట్టు మళ్లీ ఎవడూ ముట్టడు. షెడ్డులో ఆడాళ్లందరూ రోడ్డున పడతారు. నీకు అదే కావాలా?”

“మరి జీడిపప్పు ఎట్టా వచ్చిందని చెబుతావురా?”

వాడు చూపు పక్కకి తిప్పుకున్నాడు. “రంజానుకి నసీమున్నీసా షీర్‌ఖుర్మా తెచ్చిందిగా. షెడ్డులోనే అందరం తిన్నాం. అందులో జీడిపప్పు ఉంది. ప్యాకింగు చేసేది తనే. చేతులు సరిగ్గా కడుక్కోలేదంటాం. తనని తీసేశాం, ఇంకెప్పుడూ జరగదంటాం. వాళ్లకీ ఒక కారణం కావాలి పిన్నీ.”

బసవమ్మ వాడి మొహంలోకి చూసింది. ఆ షీర్‌ఖుర్మా పాయసం గిన్నె నాకినంత పని చేసింది వీడే! ఇంకొంచెం ఉందా నసీమక్కా అని అడిగి మరీ తిన్నాడు. షెడ్డు తెరిచిన రోజు నుంచీ ఉన్న మనిషి నసీమున్నీసా. ప్యాకెట్టు మూసేముందు గోళ్లు కూడా చూసుకునే మనిషి.

ఇంటికెళ్లి పేరయ్యకి చెబితే ఆయన చుట్ట ఆర్పేసి కూర్చున్నాడు. “వాడు మన బిడ్డే. మనకి అన్నం పెట్టాడు. వాడి నోట్లో మట్టి కొడతానంటావా?” అన్నాడు. “నేను మాత్రం కావాలని చేశానా?” అంది. “చెయ్యలేదు. అందుకే నోరు మూసుకో,” అన్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. కక్కలేదు, మింగలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగేది కాదు. గొంతు మూసుకుపోవడమంటే ఇలాగే ఉంటుందా అనుకునేది. మళ్లీ, నాది దిగులు, ఆ పిల్లది ప్రాణం, రెండూ ఒకటెలా అవుతాయి అని తనని తనే తిట్టుకునేది.

రోజూ షెడ్డుకి వెళ్లక తప్పలేదు. చైతన్య గూట్లో డబ్బా తీసేశాడు, రోలు సబ్బునీళ్లతో కడిగించాడు. నసీమున్నీసా ఎప్పటిలాగే వచ్చి, “ఏంటక్కా, మొహం పీక్కుపోయింది? ఆ గవర్నమెంటోళ్ల సంగతా? నువ్వేం చేశావని, వదిలెయ్,” అని వీపు నిమిరింది. బసవమ్మకి అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. పొడులు కొన్నవాళ్ల పిల్లల్ని తలుచుకుంటే చెప్పేయాలనిపిస్తుంది. షెడ్డులో తలలు వంచి పని చేసుకుంటున్న ఆడవాళ్లని చూస్తే నోరు పడిపోతుంది. ఎటు తిరిగినా గోడే. ఆ గోడల మీద ప్యాకెట్ల అట్టపెట్టెలు, పెట్టె పెట్టెకీ నవ్వుతున్న తన మొహం.

మళ్లీ కనకలక్ష్మి వచ్చింది. ఈసారి చైతన్య కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. నసీమున్నీసాని ఆ రోజు లోపలికి రావద్దన్నాడు. ఎందుకో తెలియక ఆమె షెడ్డు బయట చింతచెట్టు కింద, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తలుపులోంచి ఆమె కనిపిస్తూనే ఉంది. చైతన్య షీర్‌ఖుర్మా కథ చెప్పాడు. కనకలక్ష్మి విన్నది, రాసుకోలేదు.

“చేతికి అంటింది ఒకటి రెండు ప్యాకెట్లలో కనబడాలండీ. మేం తీసుకెళ్లిన ప్రతి నమూనాలోనూ ఉంది,” అని బసవమ్మ వైపు తిరిగింది. “అమ్మా, మీరు చెప్పడం కాదు, చేసి చూపించండి. రోజూ ఎలా చేస్తారో అలాగే.”

బసవమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుంది. వెల్లుల్లి వేసింది, పొడి వేసింది, రోకలందుకుంది. దంచుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ముద్ద తీసి బేసిన్లో వేసింది. అప్పుడు చెయ్యి, ఎప్పటిలాగే, తల తిప్పకుండా వెనక గూట్లోకి పోయింది.

గూడు ఖాళీగా ఉంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వెనక చైతన్య దగ్గాడు. కనకలక్ష్మి ఆ చేతినే చూస్తోంది. చెయ్యి తీసేసుకుని, కొంగుకి తుడుచుకుని, అయిపోయిందండీ అంటే సరిపోయేది. ఆ మాట బసవమ్మ నాలుక మీదికి వచ్చింది కూడా. బయట చింతచెట్టు కింద నసీమున్నీసా డబ్బా మూత తీసి, లోపల ఉన్నవాళ్లకి వాటా ఉంచాలా అన్నట్టు గుమ్మం వైపు చూస్తోంది.

“అయిపోయిందా అమ్మా?” అంది కనకలక్ష్మి.

“లేదండీ,” అంది బసవమ్మ. “ఇంకో గుప్పెడు ఉంది.”

“పిన్నీ!”

“నువ్వుండరా!” అని ఆమె కసిరింది. వాడి మీద అలా గొంతెత్తడం అదే మొదలు. “ఇక్కడ ఒక డబ్బా ఉండాలండీ. జీడినూక డబ్బా. రోలు తుడవడానికి. తుడిచింది పొడిలోనే కలుపుతాను. అది నసీమున్నీసా చెయ్యి కాదు, నా చెయ్యి.”

“ఇడ్లీకారంలోనేనా?”

“అన్నిట్లోనండీ. కందిపొడి, కరివేపాకు కారం, అన్నిట్లోనూ. అవింకా అక్కడే ఉన్నాయి. తొందరగా చెప్పండమ్మా వాళ్లకి. మొదటి రోజు మీరడిగినప్పుడు నాకు తెలీదు. మర్నాడే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను.” ఇక ఆపుకోలేక భోరుమంది.

కనకలక్ష్మి మందలించలేదు, ఓదార్చనూ లేదు. ఫోను తీసి బయటికి నడుస్తూనే పైవాళ్లతో మాట్లాడడం మొదలుపెట్టింది. చైతన్యకృష్ణ చేతిలో కాగితాలు బల్ల మీద పెట్టి, పిన్ని వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

షెడ్డుకి తాళం పడింది. లైసెన్సు ఆపేశారు. రాత సరిచేసి, రోలు పద్ధతి మార్చి, మళ్లీ పరీక్షలకి పెట్టుకుంటే అప్పుడు చూస్తామన్నారు. ఎప్పటికి చూస్తారో ఎవరూ చెప్పలేదు. చైతన్య ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. పేరయ్య, కంచంలో పెట్టింది తిని లేచిపోతాడు తప్ప పలకడు. నీళ్ల పంపు దగ్గర, షెడ్డులో పని పోయిన ఆడవాళ్లు బసవమ్మని చూస్తే మాట ఆపేస్తారు. అలా మాట ఆపేయడం కన్నా నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె ఇంట్లోంచి బయటికి రావడమే తగ్గించేసింది.

ఒక సాయంత్రం నసీమున్నీసా వచ్చింది. ఇప్పుడు ఆమె మిర్చి తొడిమలు తీసే కూలికి పోతోంది. వేళ్లు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. తన మీద ఏం కథ అల్లారో ఆమెకి తెలుసో తెలియదో, ఆ ఊసే ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని ఫోను తీసింది.

“మళ్లీ వేశారక్కా. నీ ఫొటోనే. సుభానీ నేర్పాడు, ఇక్కడ ఒక్క నొక్కు నొక్కితే తెలుగులో వచ్చేస్తది. ముందే నొక్కుంటే ఆ దండ బాధ తప్పేదంటున్నాడు.”

“చదువు,” అంది బసవమ్మ.

“‘ఈ బొమ్మ ఉన్న ప్యాకెట్లు మీ ఇంట్లో ఉంటే తినవద్దు. వీటిలో జీడిపప్పు ఉన్నది. జీడిపప్పు పడని పిల్లలకు పెట్టవద్దు. కొన్న షాపులో తిరిగి ఇచ్చేయండి.’ కింద పేర్లున్నాయి. ఇడ్లీకారం, కందిపొడి, కరివేపాకు కారం.”

“మూడూ ఉన్నాయా?”

“ఉన్నాయక్కా.”

“మళ్లీ ఏ పిల్లకైనా ఏమన్నా అయిందని రాశారా?”

నసీమున్నీసా వేలితో తెరని పైకీ కిందకీ జరిపి చూసింది. “అట్టాంటిదేం లేదక్కా.”

బసవమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. తన మొహం, పేరయ్య ఆవులింతకి నవ్విన ఆ నవ్వు, అలాగే ఉంది. ఫోను తిరిగి ఇచ్చేసింది.

“ఇంకోసారి చదువు.”

నసీమున్నీసా మళ్లీ మొదటి నుంచి చదివింది. ‘పిల్లలకు పెట్టవద్దు’ అన్నచోట బసవమ్మ కూడా గొంతు కలిపింది.